ఎడమ మూల: కబడ్డీలో నా పన్నెండేళ్లు

2011 నుంచి 2023 దాకా నేను డబ్బు తీసుకుని కబడ్డీ ఆడాను. ఎన్ని జట్లకు ఆడావని మా ఆవిడ ఒకసారి అడిగితే కూర్చుని లెక్కపెట్టాను. జెర్సీ ఇచ్చి, వెనక నంబరు వేసి ఆడించిన జట్లు పదిహేడు తేలాయి. ఒక్క రాత్రి ఆట కోసం పిలిపించుకున్న ఊరి జట్లు ఆ లెక్కలోకి రావు. టీవీలో కనిపించింది మొత్తం మూడు మ్యాచ్‌ల్లో. పేరు చెప్పినా ఎవరూ గుర్తుపట్టరు. అయినా పన్నెండేళ్లు నా తిండి, ఇంటి అద్దె, చెల్లెలి పెళ్లి ఖర్చులో సగం ఈ ఆటే పెట్టింది.

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల పొద్దున్నే గ్రౌండుకొచ్చే పిల్లలకు పెద్ద ఆటగాళ్ల సంగతులన్నీ తెలుసు. వేలంలో ఎవరికి ఎంత పలికిందో నోటికి చెబుతారు. పేరు రాని ఆటగాడు ఏడాదంతా ఏం చేస్తాడు, ఎవరు పిలుస్తారు, దెబ్బ తగిలితే ఏమవుతుంది, ఉద్యోగం ఎందుకు రాకుండా పోతుంది అన్నవి వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. అందుకే నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది గుంటూరు. నాన్న మిర్చి యార్డులో ముఠా కూలీ. సంక్రాంతి దాటాక యార్డు నిండుతుంది. అప్పట్నుంచి ఎండలు ముదిరేదాకా పొద్దున లేస్తే టిక్కీలు, అంటే మిరప బస్తాలు, దించడం, కాటా వెయ్యడం, లారీకెత్తడం. వేసవిలో యార్డుకు సెలవులిస్తే కూలి ఉండదు. చిన్నప్పుడు నేను క్యారేజీ తీసుకుని వెళ్లేవాణ్ణి. గేటు దాటకముందే గొంతులో ఘాటు పట్టుకుని దగ్గు మొదలయ్యేది. నాన్న మాత్రం భుజమ్మీద టిక్కీతో మాట్లాడుతూ నడిచేవాడు. ఎత్తేటప్పుడు ఆయన నడుం వంగడం నేనెప్పుడూ చూడలేదు. మోకాళ్లు వంచి కిందికి దిగి, బస్తాను ఒంటికి ఆనించుకుని లేచేవాడు. "నడుం వంచితే రెండేళ్లు, మోకాళ్లు వంచితే ఇరవై ఏళ్లు" అనేవాడు. తర్వాత కబడ్డీలో మూల నిలబడే పద్ధతి నేర్పినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. అది నాన్న నిలబడే తీరే.

స్కూల్లో పీఈటీ మాస్టారు నన్ను మొదట కూతకు పంపారు. ఊపిరి నిలిచేది గాని కాళ్లలో చురుకు లేదు. వెళ్లినవాణ్ణి వెళ్లినట్టే దొరికిపోయేవాణ్ణి. ఒకరోజు ఆయన "నువ్వు పోవద్దురా, వచ్చినవాణ్ణి పోనివ్వకు, అంతే" అని ఎడమ మూల నిలబెట్టారు. పదహారేళ్లప్పుడు పట్టుకున్న ఆ మూలను మళ్లీ వదల్లేదు. ఇంటర్‌కొచ్చాక బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో పొద్దున ఐదున్నరకు ప్రాక్టీసు. మట్టి కోర్టు. నీళ్లు చల్లి, చదును చేసి, సున్నంతో గీతలు మేమే వేసుకునేవాళ్లం.

ఆట చూడని వాళ్ల కోసం కార్నర్ పని కాస్త చెప్పాలి. మగవాళ్ల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఒక్కో జట్టుకు సగం, అంటే ఆరున్నర మీటర్లు. నడి గీత నుంచి 3.75 మీటర్ల దూరంలో బాక్ లైన్, అక్కణ్ణించి ఇంకో మీటరు లోపల బోనస్ గీత. కూతకొచ్చినవాడికి ముప్పై సెకన్లు. లోపల ఆరుగురు గాని ఏడుగురు గాని ఉన్నప్పుడు, వాడు ఒక కాలు బోనస్ గీత దాటించి రెండో కాలు గాల్లో ఉంచితే ఒక పాయింటు. ఆ కాలు పెట్టేది చాలాసార్లు మూల దగ్గరే. పెట్టిన కాలు చీలమండ దగ్గర దొరకబుచ్చుకోవడం కార్నర్ పని. ముందే దూకితే వాడు మన వీపు తాకి వెళ్లిపోతాడు. ఆలస్యమైతే బోనస్ తీసుకుని వెళ్లిపోతాడు. ఆ రెండింటి మధ్య దొరికేది రెప్పపాటు. మా సార్ ఎప్పుడూ ఒకటే చెప్పేవారు, వాడి కళ్లు, చేతులు చూడొద్దు, నడుం చూడు అని. చేతులతో ఎన్ని ఆశలైనా చూపిస్తారు. నడుం ఎటు తిరిగితే మనిషి అటే వెళ్లాలి, ఇంకో దారి లేదు.

డిగ్రీలో ఉండగా 2014లో నాగార్జున యూనివర్సిటీ జట్టుకు ఎంపికయ్యాను. అప్పటికే మూడేళ్లుగా సంక్రాంతి టోర్నమెంట్లలో గెస్ట్ ప్లేయర్‌గా, అంటే డబ్బిచ్చి పిలిపించుకునే బయటి ఆటగాడిగా, వెళ్తున్నాను. మొదటిసారి 2011లో, పొన్నూరు దగ్గర ఒక ఊళ్లో, ముగ్గురం బైకు మీద వెళ్లాం. రెండు రాత్రులు ఆడితే చేతిలో ఎనిమిది వందలు పెట్టారు. ఇంటికొచ్చి అమ్మకిచ్చాను. నాన్న వాటిని లెక్కపెట్టి, తన రెండు రోజుల కూలి కన్నా ఎక్కువేనని మెచ్చుకున్నాడు. ఆ మాటతోనే ఇది నా పని అనిపించింది.

ఆ ఏడాదే, 2014 జులైలో, ప్రో కబడ్డీ లీగ్ మొదలైంది. ఎనిమిది జట్లు, అందులో తెలుగు టైటాన్స్ ఒకటి. అంతకుముందు మా ఊళ్లలో కబడ్డీ అంటే పండగ ఆట. లీగ్ వచ్చిన రెండేళ్లలో చిన్న చిన్న ఊళ్లు కూడా మ్యాట్ అద్దెకు తెచ్చి పరిచాయి, ఫ్లడ్ లైట్లు పెట్టాయి. రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది పాయింటు తేవాల్సిందేనన్న రూలు టీవీలో చూసి ఊళ్లో కూడా పెట్టారు. మాలాంటివాళ్లకు పిలుపులు పెరిగాయి. కూతకు వెళ్లే రైడర్లకు రేటు ముందు పెరిగింది, మాకు తర్వాత.

మ్యాట్ మీద మొదటిసారి ఆడింది విజయవాడ దండమూడి రాజగోపాలరావు ఇండోర్ స్టేడియంలో. మట్టిలో ఉత్త కాళ్లతో ఆడినవాణ్ణి, బూట్లు వేసుకుంటే నేల తెలియలేదు. మట్టి కాలిని కొంచెం జారనిస్తుంది. మ్యాట్ మీద బూటు అతుక్కుంటుంది. పట్టు బాగా బిగుస్తుంది, అది లాభం. ఒళ్లు తిరిగినా పాదం తిరగదు, ఆ లెక్క మోకాలు చెల్లించాలి. అది నాకు నాలుగేళ్ల తర్వాత అర్థమైంది. ఆ రోజుకు మాత్రం మోచేతులు రెండూ ఒరుసుకుపోయి ఎర్రగా మండాయి. వారం రోజులు చొక్కా చేతులు పైకి మడుచుకుని తిరిగాను.

2015లో విజయవాడలో, కృష్ణలంకలో గది తీసుకున్నాను. నలుగురం, అందరం ఆటగాళ్లమే. గుంటూరులో ఇల్లు పెట్టుకుని ఇక్కడ అద్దె ఎందుకని అమ్మ బాధపడింది. నా పనికి ఊరికన్నా స్టేషను ముఖ్యం. సాయంత్రం నాలుగింటికి ఫోనొస్తే రాత్రి చెన్నై బండో, ముంబై బండో దొరికే చోటు విజయవాడే. బస్టాండు నడిచి వెళ్లేంత దూరం. బ్యాగు ఎప్పుడూ సర్దే ఉండేది. రెండు జతల బూట్లు, మోకాలి క్యాపు, టేపు, తువ్వాలు, నాలుగు అరటిపళ్లు.

ఏడాది ఇలా నడిచేది. సంక్రాంతికి మన జిల్లాలు. ఫిబ్రవరి నుంచి మే దాకా తమిళనాడు పల్లెల్లో రాత్రి టోర్నమెంట్లు, మంగళూరు వైపు మ్యాట్ టోర్నమెంట్లు. వానాకాలంలో ఫిట్‌నెస్. ఒక రెండు సీజన్లు ముంబైలో ఒక కంపెనీ జట్టుకు నెలకింత అని స్టైపెండ్ మీద ఆడాను. ఉద్యోగం ఇస్తామన్నారు, రెండో ఏడాది చివర జట్టునే తీసేశారు. ఎవరినీ అనడానికి లేదు, చేతిలో రాతకోతలు లేవు. ఇచ్చిన మాట గుర్తుంచుకోవడం తప్ప నేనేమీ చేయలేదు. ఇప్పుడు పిల్లలకు చెప్పే మొదటి మాట అదే, జీతం ఎంతని అడిగే ముందు కాగితం అడగండి.

ఈ బతుకులో అసలు నేర్పు ఎక్కడుందో బయటివాళ్లకు కనపడదు. ఏడుగురిలో కార్నర్ ఒంటరిగా పట్టేది తక్కువ. పక్కన నిలబడే ఇన్ ప్లేయర్ చెయ్యి పట్టుకుని గొలుసులా కదలాలి. కూతకొచ్చినవాడు ఎడమకు వస్తే ఇద్దరం ఒకేసారి వెనక్కి, కుడికి వెళ్తే ఒకేసారి ముందుకు. ఏళ్ల తరబడి కలిసి ఆడిన జట్టులో ఆ చెయ్యి దానంతట అదే చెబుతుంది, ఇప్పుడు వదులు, ఇప్పుడు లాగు అని. నాకు ఆ వీలు లేదు. మధ్యాహ్నం బండి దిగి, రాత్రి ఎనిమిదింటికి పేరు కూడా తెలియని మనిషి చెయ్యి పట్టుకోవాలి. కొందరు నాలుగు వేళ్లూ ఇస్తారు, కొందరు మణికట్టు దగ్గర పడతారు. చెమట ఎక్కువ పట్టేవాళ్లకు చిటికెన వేలు, ఉంగరం వేలు మెలేసి పట్టుకోవడమే దారి. నేను దిగగానే సామాను పెట్టి, నా పక్కన ఆడేవాడెవరో కనుక్కుని, "తమ్ముడూ, చెయ్యి ఎలా ఇస్తావ్? ఒకసారి పట్టు" అని అడిగేవాణ్ణి. తమిళ కుర్రాళ్లయితే సైగ చేసేవాణ్ణి. పది నిమిషాలు ఇద్దరం ఖాళీ కోర్టులో అటూ ఇటూ నడిచేవాళ్లం. మూడు గుర్తులు ఒప్పందం చేసుకునేవాళ్లం. ఒక్కసారి నొక్కితే నేను కాలికి వెళ్తున్నాను, రెండుసార్లు నొక్కితే నువ్వు కదలకు, వదిలేస్తే వాడు నీవైపు. అరవడం పనికిరాదు, జనం గోలలో ఏమీ వినపడదు, పైగా భాష కలవదు.

ఒకసారి సేలం దగ్గర నా పక్కన పద్దెనిమిదేళ్ల పిల్లాడు. భయంతో చెయ్యి చల్లగా ఉంది. మొదటి సగంలో నా చెయ్యి మూడుసార్లు వదిలేశాడు, మూడుసార్లూ పాయింటు పోయింది. విరామంలో వాళ్ల కోచ్ వాణ్ణి తిడుతుంటే నేను మధ్యలోకి వెళ్లి, తప్పు నాది, గుర్తు ఆలస్యంగా ఇచ్చానని చెప్పాను. నిజంగా కొంత నాదే. రెండో సగంలో వాడు నా వేళ్లు విరిగిపోయేంత గట్టిగా పట్టుకున్నాడు. ఆ మ్యాచ్ గెలిచాం. వాడి పేరు మర్చిపోయాను గాని ఆ పట్టు నాకింకా గుర్తుంది.

ఎవరి జట్టో, ఏ భాషో తెలియకుండా ఎలా ఆడతావురా అని చుట్టాలు అడిగేవాళ్లు. నాన్న నా తరఫున జవాబు చెప్పేవాడు. "యార్డులో నేను నా మిరపకాయలు మోస్తున్నానా? ఏ కొట్టువాడు పిలిస్తే ఆ కొట్టు సరుకు. ఎత్తే తీరు మనది."

ఇక నా జీవితంలో చేసిన పెద్ద తప్పు. 2016 చివర సీనియర్ నేషనల్స్ కోసం రాష్ట్ర జట్టు ప్రాబబుల్స్‌లో, అంటే ఎంపికకు ముందు క్యాంపుకు పిలిచేవాళ్ల జాబితాలో, నా పేరొచ్చింది. మూడు వారాల క్యాంపు. తిండి పెడతారు, డబ్బులుండవు. చివరికి పన్నెండు మందిలో ఉంటానన్న నమ్మకం కూడా లేదు. అదే రోజుల్లో నాకు నాలుగు టోర్నమెంట్లకు మాట ఇచ్చి ఉంది, దగ్గర దగ్గర నలభై వేలు. చెల్లెలి పెళ్లి ముహూర్తం పెట్టేశారు. క్యాంపుకు వెళ్లలేదు. మోకాలు నొప్పి అని అబద్ధం చెప్పాను.

అప్పుడు నాకు తెలియంది ఏమిటంటే, ఉద్యోగం ఇచ్చేవాళ్లు చూసేది కప్పులు కాదు, సర్టిఫికెట్లు. అది కూడా ఏదో ఒక సర్టిఫికెట్ ఉంటే చాలదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు నమూనా ఫారాలుంటాయి. దేశం తరఫున ఆడితే ఫారం 1, రాష్ట్రం తరఫున నేషనల్స్ ఆడితే ఫారం 2, యూనివర్సిటీ తరఫున ఆడితే ఫారం 3, స్కూలు తరఫున ఆడితే ఫారం 4. ఒక్కోదాని మీద ఎవరు సంతకం చేయాలో కూడా నిర్ణయమై ఉంటుంది. రైల్వే స్పోర్ట్స్ కోటాలో వంద మార్కులుంటే, సాధించిన వాటికి 50, ట్రయల్స్‌లో ఆట, ఫిట్‌నెస్, కోచ్ పరిశీలనకు కలిపి 40, చదువుకు 10. వయసు 18 నుంచి 25 లోపు, ఎవరికీ సడలింపు లేదు. ఇంట్లో అల్మారా మీద నా కప్పులు ముప్పై పైనే. అన్నీ ఊరి టోర్నమెంట్లవి. వాటికి ఆ 50లో ఒక్క మార్కు రాదు. నా దగ్గర పనికొచ్చే కాగితం ఒక్కటే, యూనివర్సిటీది. ఆ క్యాంపుకు వెళ్లి ఉంటే రెండోది వచ్చేదేమో. వచ్చేదని గట్టిగా చెప్పలేను. వెళ్లకపోవడం మాత్రం నేను చేసిన పని.

2018లో ఎలాగైనా ట్రయల్స్‌కు వెళ్లాలని నిర్ణయించుకున్నాను. నవంబరుకు ఇరవై ఐదు నిండుతాయి, అదే ఆఖరి అవకాశం. జనవరిలో సంక్రాంతి టోర్నమెంటు, రెండో రోజు. పొలంలో మ్యాట్ పరిచారు, కింద నేల ఎగుడుదిగుడు. రెండు ముక్కలు కలిసేచోట సందు పడి ఉంది. రైడర్ కాలు పట్టాను, దొరికాడు. మూలకూ నడిమికీ మధ్య, కవర్‌లో, ఆడే మావాడు వచ్చి వాణ్ణి ఒంటితో గుద్దడంతో ఇద్దరూ వచ్చి నా ఎడమ కాలి మీద పక్కనుంచి పడ్డారు. బూటు సందులో ఇరుక్కుని కదల్లేదు. లోపల ఏదో తెగిన చప్పుడు నాకు వినపడింది. పాయింటు మాకే ఇచ్చారు.

నిర్వాహకులు ఆటో మాట్లాడి, ఆ రోజు డబ్బులు జేబులో పెట్టి పంపారు. ఇన్సూరెన్సు అన్న మాట అప్పటిదాకా మాలో ఎవరూ అనుకోలేదు. ఎంఆర్ఐలో మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంటు పూర్తిగా తెగిందని వచ్చింది. ఆపరేషను లేకుండా నడవొచ్చు, మామూలు పనులు చేసుకోవచ్చు, కబడ్డీ ఆడలేవు అన్నారు డాక్టరు గారు. నాన్న ముప్పై ఏళ్లుగా మోస్తున్న కమిషన్ కొట్టు షావుకారు దగ్గర లక్షన్నర అప్పు తెచ్చాడు. ఆయన కాగితం రాయించుకోలేదు, నాన్న మాట మీద ఇచ్చాడు.

తొడ వెనక నుంచి నరం లాంటి కండర తాడు తీసి, మోకాలిలో సొరంగాలు చేసి కొత్త లిగమెంటుగా బిగించారు. ఆపరేషను రెండు గంటలు. దాని తర్వాతి పని తొమ్మిది నెలలు. మొదటి నెల లక్ష్యం ఒక్కటే, మోకాలు పూర్తిగా చాపడం. వినడానికి ఏముంది అనిపిస్తుంది. మడమ కింద తువ్వాలు చుట్టి పెట్టి, మోకాలిని కిందికి నొక్కుతూ, రోజుకు నూరుసార్లు. ఎడమ తొడ కుడి తొడకన్నా నాలుగు సెంటీమీటర్లు సన్నబడింది. ఫిజియో అక్క ప్రతి సోమవారం టేపుతో కొలిచి గోడ మీద కాగితంలో రాసేది. ఆమె చెప్పిన ఒక్క మాట నన్ను కాపాడింది. రెండు మూడు నెలలకు నొప్పి పోతుంది, పరిగెత్తగలననిపిస్తుంది, కానీ లోపల పెట్టిన తాడు సరిగ్గా ఆ రోజుల్లోనే చాలా బలహీనంగా ఉంటుంది, ఎముకలో అతుక్కుని గట్టిపడడానికి నెలలు పడుతుంది అని. మా గదిలో ఇంకో అబ్బాయి నాలుగో నెలలో గ్రౌండులో దిగి మళ్లీ తెంపుకున్నాడు. అతనిప్పుడు ఆడట్లేదు.

ట్రయల్స్ తేదీ నేను వాకర్‌తో నడుస్తున్నప్పుడు వచ్చింది, వెళ్లిపోయింది. తర్వాతి నోటిఫికేషన్ నాటికి నా వయసు దాటింది.

ఆగస్టులో జకార్తా ఆసియా క్రీడలు. 1990లో బీజింగ్‌లో కబడ్డీ పెట్టినప్పట్నుంచి మగవాళ్ల స్వర్ణం ప్రతిసారీ మనదే. ఆ సెమీఫైనల్లో ఇరాన్ మనల్ని 27-18తో ఓడించింది. గదిలో అందరూ తల పట్టుకుంటే, మోకాలి మీద ఐసు పెట్టుకుని నేను మాత్రం వాళ్ల డిఫెన్సునే చూస్తూ కూర్చున్నాను. నా దేశం ఓడుతుంటే ఏడుపొచ్చింది, అదే సమయంలో ఆ పట్లు చూస్తే ఒళ్లు జలదరించింది. ఆ ఏడాది మే వేలంలో ఇరాన్ లెఫ్ట్ కార్నర్ ఫజల్ అత్రాచలిని యు ముంబా కోటి రూపాయలకు తీసుకుంది. నా మూలలో నిలబడేవాడికి కోటి. ఫిజియో దగ్గరికి ఒక్క రోజు కూడా మానకుండా వెళ్లడానికి అదొక కారణం.

2019లో తిరిగి వచ్చాను. ఎడమ మోకాలికి భయం పోవడానికి ఇంకో ఏడాది పట్టింది. అది పోయేసరికి కరోనా. 2020లో లీగూ లేదు, ఊళ్లలో టోర్నమెంట్లూ లేవు. నేను కొన్నాళ్లు నాన్నతో యార్డుకు వెళ్లాను. భుజం కాయలు కాచింది గాని కాళ్ల బలం తగ్గలేదు.

2021 ఆగస్టు వేలానికి నా పేరు పంపాను. ప్రదీప్ నర్వాల్‌కు 1.65 కోట్లు పలికిన వేలం అది. నా పేరు పిలిచేదాకా రాలేదు. ఎవరికీ చెప్పకుండా గదికి వెళ్లి పడుకున్నాను. ఆ సీజను డిసెంబరు 22న బెంగళూరులో మొదలైంది. కరోనా వల్ల మ్యాచ్‌లన్నీ ఒకే హోటల్లో, జనం లేకుండా. జనవరిలో ఒక జట్టులో కార్నర్‌కు దెబ్బ తగిలి బదులు మనిషి కావాలన్నారు. నాతో ఒకప్పుడు మంగళూరులో ఆడిన అన్న ఆ జట్టులో సహాయ కోచ్. "రేపు పొద్దున్నకల్లా రాగలవా?" అన్నాడు. బ్యాగు సర్దే ఉంది.

హోటల్ గదిలో ఒంటరిగా కొన్ని రోజులు, పరీక్షలు, మంచానికీ గోడకూ మధ్య స్క్వాట్లు. బయటికి వచ్చాక నాకు అన్నీ కొత్త. ఐసు నీళ్ల తొట్టి, మనకంటూ ఫిజియో, నా ఆట ముక్కలు కత్తిరించి చూపించే వీడియో మనిషి. నేను కాలికి వెళ్లే ముందు కుడి భుజం కొంచెం కిందికి దించుతానని అతను చూపించాడు. పదేళ్లు ఆడాను, ఒక్కరూ చెప్పలేదు. ఆ అలవాటు మార్చుకోవడానికి ఐదు రోజులు అద్దం ముందు నిలబడ్డాను.

మూడు మ్యాచ్‌లు, రెండింట్లో సబ్‌స్టిట్యూట్‌గా. నాలుగు ట్యాకిల్ పాయింట్లు. ఒకటి సూపర్ ట్యాకిల్, లోపల మేం ముగ్గురమే ఉన్నప్పుడు. పట్టాక ఎప్పటిలా జనం అరుపు కోసం చెవులు ఎదురు చూశాయి. ఖాళీ కుర్చీలు. మ్యాట్ మీద బూట్ల కీచుమనే చప్పుడు, మా జట్టు అరుపు, అంతే. గుంటూరులో మా వీధివాళ్లంతా మా ఇంట్లో టీవీ ముందు ఉన్నారని, నాన్న మాత్రం కూర్చోకుండా తలుపు దగ్గర నిలబడే చూశాడని అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ డబ్బుతో షావుకారు అప్పు తీర్చాం. నాన్న, నేను కలిసే వెళ్లి ఇచ్చాం. ఆ తర్వాతి సీజనుకు ఎవరూ పిలవలేదు. అప్పటికి నాకు ఇరవై ఎనిమిది, కుర్రాళ్లు చాలామంది వచ్చేశారు.

ఇంకో ఏడాది ఊళ్లలో ఆడి 2023 సంక్రాంతికి ఆపేశాను. ఆ వేసవి పటియాలా వెళ్లి జాతీయ క్రీడా సంస్థ (ఎన్.ఐ.ఎస్.)లో ఆరు వారాల కోచింగ్ సర్టిఫికెట్ కోర్సు చేశాను. ఇప్పుడు విజయవాడలో పొద్దున, సాయంత్రం ఇరవై మంది పిల్లలకు నేర్పుతున్నాను. పగలు ఒక కొరియర్ కంపెనీలో పని. మ్యాట్ పరిచేటప్పుడు సందులు నేనే స్వయంగా వంగి, వేలు పెట్టి చూస్తాను. ప్రతి పిల్లాడి పేరున ఒక ఫైలు పెట్టాను. పుట్టిన తేదీ కాగితం, ఆధార్, ఆడిన ప్రతి గుర్తింపు పోటీ సర్టిఫికెట్, దాని రెండు జిరాక్సులు. సంక్రాంతి టోర్నమెంట్లకు వెళ్లొద్దని చెప్పను, ఆ డబ్బు వాళ్ల ఇళ్లకు ఎంత అవసరమో నాకు తెలుసు. క్యాంపు, టోర్నమెంటు ఒకే రోజున పడితే మాత్రం ముందు నా దగ్గరికి రమ్మంటాను. పోయినేడు ఒక అబ్బాయికి అలా పడితే, వాళ్ల నాన్నతో మాట్లాడి, ఆ టోర్నమెంటు డబ్బు మా పాత ఆటగాళ్లం నలుగురం వేసుకుని ఇచ్చాం. అబ్బాయి క్యాంపుకు వెళ్లాడు. జట్టులోకి రాలేదు. ఈసారి మళ్లీ వెళ్తాడు.

రేపు ఇద్దరి ఫారం 3 మీద సంతకం కోసం యూనివర్సిటీకి వెళ్లాలి. పొద్దున ప్రాక్టీసు అవగానే గుంటూరు బస్సెక్కి నాగార్జున నగర్‌లో దిగుతాం. పోయిన వారం ఒకడి ఫారంలో టోర్నమెంటు తేదీ తప్పు పడి వెనక్కి పంపారు, ఈసారి ముగ్గురం కూర్చుని రెండుసార్లు చదివాం.